శాసనసభ తీర్మానం చేస్తే కోర్సు మొదలవుతుందా, పరిహారం అందుతుందా?

చర్చాంశం: ఫలానా కోర్సు పెట్టాలని విశ్వవిద్యాలయాలకు చెబుతూ, అన్యాయంగా జైల్లో మగ్గిన వ్యక్తికి ఇంత పరిహారం ఇవ్వాలంటూ శాసనసభ తీర్మానించడం సబబేనా?

పద్దుల_పరిశీలన: తీర్మానంతో ఖజానా నుంచి పైసా కదలదు. రాజ్యాంగం 266(3) అధికరణం ప్రకారం సంచిత నిధిలోని (ప్రభుత్వ ప్రధాన ఖజానాలోని) డబ్బు తీయాలంటే చట్టం ఉండాలి. బడ్జెట్‌లో అందుకు తగిన పద్దు, అంటే కేటాయింపు, ఉంటే జీవో చాలు. 1955 నాటి రామ్ జవాయా కపూర్ కేసులో పంజాబ్ పాఠ్యపుస్తకాల ప్రచురణ ఖర్చుపై సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే. పద్దు లేకపోతే 205వ అధికరణం కింద అనుబంధ పద్దు, ఆపైన ఆ డబ్బు తీయడానికి అనుమతించే ద్రవ్య వినిమయ బిల్లు. మరీ అత్యవసరమైతే ఆకస్మిక నిధి నుంచి అడ్వాన్సు తీసుకుని తర్వాత సభ ఆమోదం పొందొచ్చు. జీవోలో పద్దు సంఖ్య లేకపోతే చెల్లింపు బిల్లు ట్రెజరీలోనే ఆగిపోతుంది.

సెనేట్_గది: నా అభ్యంతరం కోర్సు మీద. ఏం బోధించాలో పాఠ్య ప్రణాళికా మండలి రాయాలి, అకడమిక్ సెనేట్ ఆమోదించాలి. ఉన్నత విద్య ప్రమాణాలు కేంద్ర జాబితాలోని 66వ అంశం, అంటే చట్టం చేసే అధికారం పార్లమెంటుది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) చట్టం 22వ సెక్షన్ కింద ప్రకటించిన జాబితాలో లేని పేరుతో డిగ్రీ ఇస్తే, నష్టపోయేది విద్యార్థి: ఉద్యోగ నోటిఫికేషన్‌లో ఆ అర్హత చెల్లదంటారు. పోస్టులు మంజూరు కాకుండా మొదలైన కోర్సు గెస్ట్ ఫ్యాకల్టీ మీద నడుస్తుంది. 2001లో యూజీసీ జ్యోతిష కోర్సులకు నిధులిస్తామన్నప్పుడు హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వ్యవస్థాపక డైరెక్టర్ పి.ఎం. భార్గవ కోర్టుకెళ్లారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టేసింది, 2004లో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. కోర్టులే వెనకాడే చోట రాజకీయ మెజారిటీ సిలబస్ రాయకూడదు.

కాలువగట్టు: రాయమనడం లేదండీ, అడగమంటున్నాం. ప్రజల డబ్బుతో నడిచే సంస్థను ప్రజాప్రతినిధులు అడక్కపోతే ఇంకెవరు అడగాలి? పరిహారం సంగతికొస్తే, రుదుల్ షా 1968లో నిర్దోషిగా తేలాక కూడా పద్నాలుగేళ్లకు పైగా బీహార్ జైల్లో ఉన్నాడు. 1983లో సుప్రీంకోర్టు ఇప్పించింది మొత్తం 35,000 రూపాయలు! అలాంటి మనిషి కోర్టుల చుట్టూ తిరిగేదాకా సభ మౌనంగా ఉండాలా?

పద్దుల_పరిశీలన: ఉండకూడదు. ఒక్కరి కోసమే చట్టం చేసినా చెల్లుతుందని 1950లోనే చిరంజిత్‌లాల్ కేసులో తేలింది, సరైన కారణం చూపాలి, అంతే. కేరళలో గూఢచర్యం కేసులో అన్యాయంగా ఇరికించిన ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో సుప్రీంకోర్టు 50 లక్షలు ఇప్పించింది. ఆ తర్వాత కేరళ మంత్రివర్గ నిర్ణయంతో 1.3 కోట్లు అందాయి. దానికి తీర్మానం అక్కర్లేకపోయింది.

తీర్మానానికి రాజ్యాంగమే చోటిచ్చిన సందర్భాల్లోనూ అది దానంతటదే అమలు కాదు. శాసనమండలి రద్దు కోరుతూ 169వ అధికరణం కింద ఏపీ సభ 2020 జనవరి 27న తీర్మానించింది. పార్లమెంటు చట్టం చేయలేదు, 2021 నవంబరులో సభే దాన్ని వెనక్కి తీసుకుంది. మండలి ఇవాళ్టికీ ఉంది.

సెనేట్_గది: అయితే తీర్మానం ఇలా ఉంటే నాకు అభ్యంతరం లేదు: కోర్సు పేరు వద్దు, అవసరం చెప్పండి. ‘ప్రవేశపెట్టాలి’ అనకుండా ‘పరిశీలించాలని కోరుతున్నాం’ అనండి. అధ్యాపక పోస్టులకు ఆర్థిక శాఖ సమ్మతి ముందే తీసుకోండి.

కాలువగట్టు: ఒప్పుకుంటాను. పరిహారం తీర్మానంలో మొత్తం, పద్దు, చెల్లించే శాఖ, గడువు నాలుగూ ఉండాలి. బాధితుడి సివిల్ దావా హక్కు పోదని కూడా రాయాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే రేపు ప్రభుత్వ న్యాయవాది ‘ఇచ్చేశాం కదా’ అంటారు.