సమస్యాపూరణం: ఒక్క దెబ్బ పడక యోడిపోయె

నిర్వాహకుడు, పెరంబూరు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం.

ఒక్క దెబ్బ పడక యోడిపోయె

మూడో పాదం ఎలా ముగిసిందో చూసుకుని 'నొక్క' అనో 'యొక్క' అనో మొదలుపెట్టుకోవచ్చు. అరసున్నలు మీ ఇష్టం. ఏ విషయం మీదైనా రాయండి. కానీ ఈ పాదం నాకు తట్టింది మాత్రం సోల్ క్యాలిబర్ అనే వీడియో గేమ్ ఆడిన రోజులు తలుచుకుంటుంటే.

2004లో మా మేనమామ బీచ్ స్టేషన్ ఎదురుగా బర్మా బజార్‌లో సెకండ్ హ్యాండ్ ప్లేస్టేషన్ 2 కొని తెచ్చాడు. దాంతోపాటు వచ్చిన ఒకే ఒక్క ఆట సోల్ క్యాలిబర్ 2. అప్పటిదాకా మేం చూసిన ఫైటింగ్ ఆటలన్నీ గుద్దులు, తన్నులు. ఇందులో ప్రతి ఒక్కరి చేతిలోనూ ఆయుధం ఉంది. మిత్సురుగికి జపాను కత్తి, కిలిక్‌కి పొడుగు కర్ర, మాక్సీకి నంచాకు, ఐవీకి కొరడాలా సాగే కత్తి, ఆస్టరాత్‌కి మనిషంత గొడ్డలి. కర్ర పట్టినవాడు దూరం నుంచే పొడుస్తాడు. పొట్టి కత్తుల టాకి అయితే లోపలికి దూరాలి, లేకపోతే బతకదు. ఎవరి ఆయుధం ఎంత పొడుగో తెలియకుండా ఒక్క అడుగు వేయలేం. ఆరుగురు పిల్లలం ఒక టీవీ ముందు కూర్చుని నేర్చుకున్న మొదటి పాఠం అదే.

నామ్కో వాళ్లు 1998లో ఆర్కేడ్‌లో మొదటి సోల్ క్యాలిబర్ తెచ్చినప్పుడు బరిలో ఎనిమిది దిక్కులకూ నడిచే వీలు పెట్టారు. దానికి ముందు వచ్చిన సోల్ ఎడ్జ్‌లో ఆయుధానికి కూడా ఒక లైఫ్ బార్ (ఎంత బలం మిగిలిందో చూపే పట్టీ) ఉండేది. ఊరికే అడ్డుపెడుతూ కూర్చుంటే కత్తి విరిగిపోయి ఉత్త చేతులతో పోరాడాల్సి వచ్చేది. ఆ విరిగే కత్తి తర్వాతి ఆటల్లో లేకపోవడం నాకు ఇప్పటికీ లోటే. రింగ్ అవుట్ మాత్రం ఉంది. లైఫ్ ఫుల్లుగా ఉన్నా సరే, బరి దాటి బయట పడితే ఆ రౌండు పోయినట్టే. ఈ సమస్య అక్కడే పుట్టింది.

వేళచ్చేరి తమ్ముడు:

గురువుగారూ, నాకు ఆటవెలది కొత్త. తప్పులుంటే చెప్పండి.

పట్టి యెత్తి విసరె బలశాలి గొడ్డలి
వీరుఁ, డంత మాక్సి వెడలి నీటఁ
బడియె, నిండు గీటు పైనుండ, నక్కటా!
యొక్క దెబ్బ పడక యోడిపోయె.

గొడ్డలి వీరుడంటే ఆస్టరాత్. మా పిన్ని కొడుకు వాణ్ని తప్ప ఇంకెవర్నీ తీసుకునేవాడు కాదు. అంచు దగ్గరికి తోసుకుంటూ వచ్చి, పట్టుకుని, బయటికి విసిరేసేవాడు. నేను మాక్సీతో ఎంత వేగంగా నంచాకు తిప్పినా ఆ ఒక్క పట్టుతో అయిపోయేది.

నిర్వాహకుడు:

తమ్ముడూ, గణాలు కుదిరాయి. ప–బ, వీ–వె, బ–పై యతులు మూడూ సరిపోయాయి. లైఫ్ బార్‌ని 'గీటు' అనడం నాకు బాగా నచ్చింది, తెర పైభాగంలో ఉంటుంది కాబట్టి 'పైనుండ' కూడా అతికింది. ఇబ్బంది భావంలో ఉంది. పట్టుకుని విసిరేయడం కూడా దెబ్బే కదా, దానికీ లైఫ్ తగ్గుతుంది. అప్పుడు 'నిండు గీటు' నిజం కాదు, 'ఒక్క దెబ్బ పడక' అసలే నిజం కాదు. సమస్యాపూరణంలో పాదం అతకడం ఒక్కటే చాలదు, ఆ మాట అక్షరాలా నిజమయ్యే సందర్భం చూపించాలి. దెబ్బ తగలకుండా బరి దాటిన సందర్భం ఒకటి ఆలోచించు. ఈ ఆట ఆడినవాడివి, నీకే దొరుకుతుంది.

వేళచ్చేరి తమ్ముడు:

దొరికింది గురువుగారూ.

పెద్ద కత్తి నెత్తి పెనువేగమున దూకెఁ,
బక్క కొదిగె టాకి, బరిని దాటి
నీటఁ గూలె వాఁడు నిండు ప్రాణముతోడ
నొక్క దెబ్బ పడక యోడిపోయె.

ఇది నైట్‌మేర్, ఆటలో పెద్ద కత్తి పట్టేవాడు. అంచు దగ్గర టాకి నిలబడి ఉంటే ఆత్రంగా మీదికి దూకాడు. ఆమె పక్కకు జరిగింది, వాడు నేరుగా నీళ్లలోకి.

మాంబళం మాష్టారు:

బాగుంది నాయనా. నాకు ఆట తెలియదు కానీ బొమ్మ కళ్లకు కట్టింది. ఒక సందేహం. 'నిండు ప్రాణముతోడ' దగ్గర 'ప్రా' ముందున్న 'డు' గురువు కాదా?

నిర్వాహకుడు:

కాదు మాష్టారూ. 'నిండు' విడి తెలుగు మాట. తర్వాతి మాట మొదట్లో ఉన్న సంయుక్తాక్షరం వల్ల దాని చివరి అక్షరం గురువు కానక్కరలేదు. కాబట్టి 'నిండుప్రా' రగణమే.

తమ్ముడికి ఇంకో మాట. నైట్‌మేర్ కత్తి పైకెత్తి దూకాడని రాయడంలోనే ఆట తెలిసినవాడి చెయ్యి ఉంది. నిలువు వేటు కాబట్టే టాకి పక్కకు జరిగి తప్పించుకుంది. అదే అడ్డం వేటైతే పక్కకు నడిచేవాళ్లనే ముందు కోస్తుంది. నిలువు, అడ్డం, తన్ను, కాపు, ఈ నాలుగు బటన్ల మధ్య నడిచే పోరు అంతా నీ రెండో పాదంలో 'పక్క కొదిగె' అన్న రెండు మాటల్లో ఉంది. చాలా సంతోషం.

మాంబళం మాష్టారు:

నాకు తెలిసిన బరిలో నేనూ దిగుతాను.

పాచికాట నందుఁ బాండవాగ్రజుఁ డంత
రాజ్య మొడ్డెఁ, దనదు రాణి నొడ్డెఁ,
గత్తి దూయకుండ గద నెత్తకుండంగ
నొక్క దెబ్బ పడక యోడిపోయె.

నిర్వాహకుడు:

మాష్టారూ, వంక పెట్టడానికి ఏమీ లేదు. మూడో పాదంలో గద రావడం ముఖ్యంగా బాగుంది. ఆ సభలో గద ఎత్తగలవాడు ఊరుకోవాల్సి రావడం గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

షావుకారుపేట బాబాయి:

మోహినిఁ గని యాడె మురిసి భస్మాసురుం
డాట నడుమఁ జేయి టక్కునఁ దల
నుంచె, బూది యాయె నొక్కింత సేపులో
నొక్క దెబ్బ పడక యోడిపోయె.

మాంబళం మాష్టారు:

భావం చక్కగా అతికింది. వరమే ఆయుధమై తిరగబడింది. రెండో పాదంలో యతి మాత్రం తప్పింది. 'భస్మాసురుండు' 'ఆట' కలిసి 'డాట' అయింది. సంధి జరిగిన చోట యతి తర్వాతి మాట అచ్చుకే చెల్లుతుంది. అంటే మీకు కావలసింది 'ఆ'కు మైత్రి, 'ట' పనికిరాదు.

షావుకారుపేట బాబాయి:

నిజమే, 'డా'ను చూసి 'ట' వేశాను. సవరించాను.

మోహినిఁ గని యాడె మురిసి భస్మాసురుం
డాట మత్తులోన నరయక తల
నుంచెఁ జేయి, మాడె నొక్కింత సేపులో
నొక్క దెబ్బ పడక యోడిపోయె.

మీ ఆట గురించి నాకు తెలిసింది ఒక్కటే. మా అబ్బాయి చిన్నప్పుడు వాణ్ని ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లాను. అక్కడి పాత ఆయుధాల్లో కటారు చూసి 'వోల్డో! వోల్డో!' అని గది అదిరేలా అరిచాడు. మన ఆయుధానికి ఇదేం పేరురా అనుకున్నాను.

నిర్వాహకుడు:

బాబాయిగారూ, సవరణ మొదటి దానికన్నా బాగుంది. 'మత్తులోన నరయక' అనడంతో వాడు ఎందుకు ఓడాడో కూడా తెలిసింది.

మీ అబ్బాయి సరిగ్గానే గుర్తుపట్టాడు. వోల్డో రెండు చేతులకూ ఉన్నవి కటార్లే. పిడికిలితో అడ్డపిడిని పట్టుకుంటే బాకు చేతికి కొనసాగింపులా ముందుకు పొడుచుకొస్తుంది, అందుకే దానితో కోయడం కన్నా పొడవడం ఎక్కువ. ఆటలో ఆ జంటకు పెట్టిన పేర్లు మానస్, ఆయుస్. మన మనస్సు, ఆయుస్సు. జపాను వాళ్లు చేసిన ఆటలో ఇటలీ మనిషి చేతికి మన కటారు, దానికి సంస్కృతం పేర్లు! పన్నెండేళ్ల వయసులో ఆ పేర్లు తెర మీద చూసి ఎంత పొంగిపోయానో చెప్పలేను. వోల్డో నడక చూస్తే భయం వేసేది. అయినా ఆ కటార్ల కోసమే వాణ్ని తీసుకునేవాణ్ని.

కోడంబాక్కం మిత్రుడు:

ఇంతలోఁ గరెంటె యెగిరిపోవఁగ నాట
యాగె, గెలుపు దరికి నరుగుచున్న
వీరుఁ డొకఁడు నోరు విప్పక లేచుచు
నొక్క దెబ్బ పడక యోడిపోయె.

2012 వేసవిలో చెన్నైలో కరెంటు కోతల రోజులు అందరికీ గుర్తుండే ఉంటాయి.

వేళచ్చేరి తమ్ముడు:

అన్నా, కరెంటు పోతే ఆట రద్దు కదా, ఓడిపోవడం ఎలా అవుతుంది?

కోడంబాక్కం మిత్రుడు:

మా వీధిలో అలా కాదు తమ్ముడూ. గెలిచినవాడు కూర్చుంటాడు, ఓడినవాడు లేస్తాడు, వెనక వరసలో పది మంది. కరెంటు పోతే ఆడుతున్న ఇద్దరూ లేవాల్సిందే, వచ్చాక తర్వాతి ఇద్దరికి వంతు. వరసగా ఏడుగుర్ని గెలిచి, ఎనిమిదోవాణ్ని దెబ్బ తగలకుండా సగం లైఫ్‌కి తెచ్చినవాడు కూడా కంట్రోలర్ కింద పెట్టి లేచేవాడు. ఆ రోజు లేచింది నేనే. చీకట్లో ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

నిర్వాహకుడు:

వీధి నియమం తెలిశాక పూరణ నిలబడింది. 'కరెంటు' అన్న మాట జగణం. దాన్ని ఆటవెలదిలో ఇమడ్చడం కష్టం. 'లోఁగ–రెంటె' అని విరగ్గొట్టి సూర్యగణాల్లోకి తెచ్చిన తీరు కొత్తవాళ్లు గమనించాలి. 'నోరు విప్పక లేచుచు' ఈ పద్యానికి ప్రాణం.

విల్లివాక్కం అక్క:

రెండు రోజులుగా రాసి కొట్టేస్తున్నాను. చివరికి ఇలా వచ్చింది.

చెల్లి కంటి చెమ్మ చెంపపై జారక
ముందె యన్న యంచు ముట్టి దూకె
నీటిలోకిఁ, దాను గెలువఁగలిగి యుండి
యొక్క దెబ్బ పడక యోడిపోయె.

ఇది జరిగిన సంగతే. నాకు ఏడేళ్లు, అన్నయ్యకు పద్నాలుగు. అన్నయ్యది ఎప్పుడూ మిత్సురుగి. నేను టాలిమ్‌ని తీసుకునేదాన్ని, అందరిలోకీ చిన్నపిల్లలా కనిపించేది కాబట్టి. ఒక ఆదివారం పొద్దున్నుంచి ఆడి ఒక్క రౌండు కూడా గెలవలేదు. అమ్మ అన్నానికి పిలిచింది. ఇదే ఆఖరిది అన్నాడు అన్నయ్య. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, తెర సరిగ్గా కనిపించడం లేదు. మిత్సురుగి మెల్లగా వెనక్కి, వెనక్కి నడిచాడు. అంచు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఎగిరి బయట పడ్డాడు. నేను కంట్రోలర్ పడేసి 'అమ్మా, అన్నయ్యను గెలిచాను' అని అరుస్తూ వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ ఆ రోజు నాకు అప్పడం ఎక్కువ వేసింది.

చాలా ఏళ్లు అది నా గెలుపే అనుకున్నాను. 2018లో సోల్ క్యాలిబర్ 6 వచ్చాక ఆఫీసు స్నేహితురాలి ఇంట్లో మళ్లీ మిత్సురుగిని చూశాను. ఈసారి నేనే పట్టుకున్నాను. మనం నొక్కకుండా వాడు ఎగరడని అప్పుడు తెలిసింది. ఆట మధ్యలో ఆపేసి బాల్కనీలోకి వెళ్లి నిలబడ్డాను.

మాంబళం మాష్టారు:

అమ్మా, మొదటి రెండు పాదాలు చదివి కాసేపు ముందుకు వెళ్లలేకపోయాను. 'చెమ్మ చెంపపై జారక ముందె' అన్నావు, అన్న తొందర అంతా అందులో ఉంది. మూడో పాదంలో మాత్రం యతి కుదరలేదు. 'నీ'కి 'గె' చెల్లదు, అచ్చు కలిసినా హల్లు కలవలేదు. 'నిలువఁగలిగి యుండి' అంటే సరిపోతుంది. భావం కూడా పెరుగుతుందేమో చూడు. గెలవగలగడం వేరు. అంచు మీద కాలు నిలిపి కూడా దిగిపోవడం వేరు.

విల్లివాక్కం అక్క:

మాష్టారూ, మీరు చెప్పాక చూస్తే నేను చూసింది అదే. అంచు దగ్గర నిలబడ్డ ఆ క్షణం. నేను రాసుకున్న 'గెలువ' కన్నా ఇదే నిజం.

చెల్లి కంటి చెమ్మ చెంపపై జారక
ముందె యన్న యంచు ముట్టి దూకె
నీటిలోకిఁ, దాను నిలువఁగలిగి యుండి
యొక్క దెబ్బ పడక యోడిపోయె.

నిర్వాహకుడు:

అక్కా, ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. తమ్ముడి రెండో పద్యాన్ని దాని పక్కన పెడుతున్నాను. రెండింట్లోనూ అదే బరి, అదే నీళ్లు. మీ అన్నయ్యగారికి చూపించారా?

విల్లివాక్కం అక్క:

ఇప్పుడే ఫోన్ చేసి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. చదివాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత 'ఆ రోజు నా చెయ్యి జారి తప్పు బటన్ నొక్కానే' అన్నాడు. సంక్రాంతికి వస్తున్నాడు. పాత ప్లేస్టేషన్ అటక మీద ఉంది, దింపించి తుడిచి పెట్టమన్నాడు.