డుషెన్ ఉన్న పిల్లవాడికి వ్యాయామం: ఏది చేయించాలి, ఏది మానిపించాలి?

ప్రశ్న: ఒక తండ్రి, నరసన్నపేట

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి ఏడేళ్లు. మునివేళ్ల మీద నడుస్తుండటం, నేల మీంచి లేవాలంటే తొడల మీద చేతులు ఊనుకోవలసి రావడం గమనించి విశాఖపట్నం తీసుకువెళ్లాం. కండ దెబ్బతిన్నదీ లేనిదీ తెలిపే సి.పి.కె. అనే రక్తపరీక్ష, తరువాత జన్యుపరీక్ష చేసి డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ (కండలు క్రమంగా క్షీణించే జన్యువ్యాధి) అని నిర్ధారించారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఫిజియోథెరపీ చేయించమని చీటీలో రాశారు గాని, ఏమిటన్నది వివరించలేదు. కండ గట్టిపడటానికి రోజూ గుంజీలు తీయించాలని మా నాన్నగారు అంటారు. అసలు కదలనివ్వవద్దని మా అత్తగారు అంటారు. వాడి పిక్కలు లావుగానే ఉన్నందున నాన్నగారి మాట కొట్టిపారేయలేకపోతున్నాను. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: ఫిజియోథెరపిస్టు, విజయనగరం

గుంజీలు ఈ రోజే మానిపించండి. కండకణం పొరను కాపాడే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీను ఈ పిల్లల్లో ఉండదు. అటువంటి కండ, సాగుతూ బరువును ఆపవలసి వచ్చినప్పుడే ఎక్కువగా దెబ్బతింటుంది. గుంజీలో కిందికి కూర్చునేటప్పుడు, కప్పగంతులు వేసేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు తొడకండ చేసే పని సరిగ్గా అదే. రామతీర్థం కొండకు తీసుకువెళ్తే, ఎక్కేటప్పుడు ఎత్తుకుని దిగేటప్పుడు నడిపించే తల్లిదండ్రులు కొందరున్నారు. నిజానికి దిగేటప్పుడే మరింత జాగ్రత్త అవసరం. ఇక పిక్కల లావు బలానికి గుర్తు కాదు, కండ నశించిన చోట కొవ్వు, నారపదార్థం చేరడమే దానికి ముఖ్య కారణం.

అలాగని కదలకుండా కూర్చోబెట్టడమూ తప్పే. నెదర్లాండ్స్‌లో 30 మంది డుషెన్ పిల్లలపై జరిపి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మోటారు సాయంతో తిరిగే సైకిలును కాళ్లతోను చేతులతోను 24 వారాలు తొక్కిన పిల్లల కదలికలు నిలకడగా ఉండగా, తొక్కనివారివి తగ్గాయి. మీ వాడికి చదును దారిలో సైకిలు, పెద్దలు పక్కనుండగా ఈత సరిపోతాయి. అలసిపోకముందే ఆపించండి. మర్నాటికీ కండలు నొప్పిగా ఉంటే శ్రమ ఎక్కువైందని గ్రహించండి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే వెంటనే డాక్టరుకు చూపించండి.

అన్నిటికంటె ముఖ్యమైనది సాగదీత, అందునా మడమ దగ్గరి స్నాయువుది. పిల్లవాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఒక చేత్తో అదిమి, రెండో అరచేతిలో మడమను పట్టుకోండి. అరికాలు మీ ముంజేతికి ఆనాలి. మడమను కిందికి లాగుతూ, ముంజేతితో పాదాన్ని మెల్లగా మోకాలి వైపు వంచి, సుమారు అర నిమిషం అలాగే ఉంచి వదలండి. కుదుపు పనికిరాదు, బిగువు తెలియాలి గాని నొప్పి పుట్టకూడదు. వారానికి కనీసం నాలుగైదు రోజులు ఇంట్లో చేయాలి. తుంటి ముందుభాగం, తొడ వెనుకభాగం సాగదీత మొదటిసారి ఎదురుగా చూసి నేర్చుకోవడమే మేలు.

జవాబు: ఒక తల్లి, బొబ్బిలి

మా బాబుకు పదేళ్లు. తుంటి బిగుసుకోకుండా బోర్లా పడుకోమంటే మొదట ఏడ్చేవాడు. టీవీ చూసే సమయాన్ని దానికే కేటాయించాక పేచీ పోయింది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కుని ఆ రోజు తీసుకువెళ్లండి. బడిలో డ్రిల్లు మాస్టారికి డాక్టరు చీటీ చూపించి, శిక్షగా కూడా గుంజీలు తీయించవద్దని చెప్పండి. చంకల్లో చేతులు వేసి లేపవద్దని ఇంట్లో అందరికీ చెప్పాలి. భుజాల పట్టు తక్కువ కనుక పిల్లవాడు జారిపోతాడు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పాదాలకు తొడిగే స్ప్లింటు పగలంతా ఉంచితే మునివేళ్ల నడక తగ్గుతుందా?

జవాబు: ఫిజియోథెరపిస్టు, విజయనగరం

నడుస్తున్నంత కాలం అది రాత్రి నిద్రలో వేయడానికేనండి. తొడలు బలహీనపడిన పిల్లవాడు మునివేళ్ల మీద నిలబడి తూకం కుదుర్చుకుంటాడు. పగలు స్ప్లింటుతో ఆ వీలు తీసేస్తే పడిపోవడం ఎక్కువవుతుంది. కొలత తీయించి చేయించుకోండి, లోపల నూలు మేజోడు వేయండి, పొద్దున్న తీశాక చర్మం ఎక్కడైనా ఎర్రబడిందేమో చూడండి.