‘రెండు తలల పాము’ అంటే ఏ పాము?

ప్రశ్న: కుండీ మట్టి తిరగేస్తుంటే వానపాములాంటిది ఒకటి నల్లగా మెరుస్తూ జారిపోయింది. పెద్దవాళ్లు ‘రెండు తలల పాము’ అన్నారు. పుస్తకంలో ‘గుడ్డి పాము’ అని ఉంది. పత్రికల్లో ‘రెండు తలల పాము పట్టివేత’ అన్న వార్త పక్కన చూస్తే లావుపాటి పాము ఫొటో. ఏ పేరు ఎవరిది?

జవాబు: మీరు చూసిన చిన్నదానికి రెండు పేర్లూ చెల్లుతాయి. వాటిలో ‘రెండు తలల పాము’కు అచ్చులో పాత దాఖలా ఉంది, అదీ విశాఖపట్నం నుంచి. ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో ఒక గ్రంథం వెలువరించాడు. అందులో ఈ పాము బొమ్మకు రోమన్ లిపిలో ఇచ్చిన పేరును ఉన్నదున్నట్టు చదివితే ‘రొండూ తలూలూ పామ్’ అవుతుంది.

‘రొండూ’ చూసి తెల్లదొర చెవిని తప్పుపట్టకండి. ‘రెండు’ను ‘రొండు’ అనేవాళ్లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. గ్రాంథికం తెలిసిన పండితుడు చెప్పి ఉంటే ఆ ఒకారం వచ్చేది కాదు. పామును పట్టి తెచ్చిన వాళ్ల నోటి మాటే కాగితం మీదికి ఎక్కిందని నా నమ్మకం. ‘తలూలూ’ సంగతి వేరు. పులి–పులులు, గది–గదులు వరసలో ‘లు’ ముందున్న ఇకారం ఉకారమవుతుంది గానీ, ‘తల’కు ఆ నియమం వర్తించదు. దాన్ని రాతలోని తేడాగానే లెక్కిస్తాను.

రెండు తలలు ఎందుకన్నారో పామును చూస్తే తెలుస్తుంది. మెడ దగ్గర సన్నబడదు, తోక దగ్గరా సన్నబడదు. రెండు కొసలూ మొండిగా ఒకే తీరుగా ఉంటాయి. తోక చివర చిన్న ముల్లు ఉంటుంది. చేత్తో పట్టుకుంటే దాన్ని గుచ్చబోతుంది, అంతకుమించి ఏమీ చేయలేదు. విషం లేదు. జానెడు కూడా పెరగదు. చీమల, చెదల గుడ్లూ పిల్లపురుగులూ దాని తిండి.

ఇక ఆ లావుపాటిది ఇసుక బోవా. దాని తోకా మొద్దుగానే ఉంటుంది కాబట్టి అదే పేరు వచ్చింది. అది ఇంట ఉంటే సిరి కలుగుతుందన్న మూఢనమ్మకం మీద అక్రమ వ్యాపారం నడుస్తుండడంతో వార్తల్లో పేరంతా దానికే దక్కింది. తమాషా ఏమిటంటే, 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ రస్సెల్ బొమ్మను ఆధారం చేసుకుని మన చిన్న పాముకు శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ‘ఎరిక్స్ బ్రామినస్’ అన్నాడు. ఎరిక్స్ ఇప్పుడు ఇసుక బోవాల ప్రజాతి! ఊరివాళ్లే కాదు, ఆయనా రెండింటినీ ఒకే గాటన కట్టాడన్నమాట. అదే రస్సెల్ గ్రంథంలోని మన ‘బంగారు పాము’ నుంచి ‘బుంగారస్’ అని కట్లపాముల ప్రజాతికి పేరు వచ్చింది. రెండు తలల పాముకు ఆ యోగం పట్టలేదు. ఇప్పటి పేరు ఇండోటిఫ్లాప్స్ బ్రామినస్. ‘టిఫ్లాప్స్’ వెనక ఉన్నది గుడ్డి అనే అర్థమిచ్చే గ్రీకు మాట.

ఒక సభ్యురాలు: దానికి కళ్లున్నాయి కదండీ, నల్లటి చుక్కల్లా. మరి ‘గుడ్డి’ అనడం న్యాయమా?

జవాబు: కళ్లున్నాయి, కానీ పొలుసుల కింద ఉన్నాయి. వెలుగూ చీకటీ తేడా తెలుస్తుంది, అంతే. అయినా తెలుగులో ‘గుడ్డి’ అంటే చూపు బొత్తిగా లేకపోవడం ఒక్కటే కాదు కదా! గుడ్డిదీపం, గుడ్డివెలుతురు అంటున్నాం. మసకగా ఉన్నదీ గుడ్డిదే. ఆ అర్థంలో ఇంతకన్నా సరిపడే పేరు లేదు. ఇప్పుడు రాసేవాళ్లు దీనికి ‘గుడ్డి పాము’ అనే వాడితే మంచిది, ఇసుక బోవాతో గందరగోళం తప్పుతుంది.

మరొకరు: వానపాము పామే కాదు, దానికి పాము పేరు. ఇది నిజంగా పామే, దీన్నేమో వానపాము అనుకుని వదిలేస్తాం!

జవాబు: వదిలేయడమే దానికి మేలు లెండి, పామని తెలిస్తే కర్ర వెతుకుతారు. తేడా కావాలంటే ఒంటి మీద చూడండి: వానపాముకు ఉంగరాల్లాంటి గీతలు, దీనికి నున్నటి పొలుసులు. నాలుక కూడా బయటికి ఆడిస్తుంది. ఇంకో విశేషం, మీకు కుండీలో కనబడింది ఖాయంగా ఆడదే. ఈ జాతిలో మగవి లేవు, ఒంటరి తల్లే గుడ్లు పెట్టి సంతానాన్ని పెంచుకుంటూ పోతుంది. అందుకే కుండీ మట్టిలో ఒక్కటి ఓడెక్కినా చాలు, దిగిన దేశంలో కాపురం పెట్టేస్తుంది.