ఐఎన్‌టీ-777 ప్రయోగానికి విస్టార్ ఎలుకలు సరిపోతాయా?

ప్రశ్న – ఎం.ఫార్మసీ విద్యార్థిని, గుంటూరు

నమస్కారం. పైత్యరసామ్లాలకు స్పందించే టీజీఆర్5 గ్రాహకాన్ని ఉత్తేజపరిచే ఐఎన్‌టీ-777 అనే పదార్థం మీద ప్రాజెక్టు చేయాలనుకుంటున్నాను. అది రక్తంలోని చక్కెరను ఎలా అదుపు చేస్తుందో, పిత్తాశయం మీద ఎలా పనిచేస్తుందో ఒకే జంతువులో చూడాలన్నది నా ఉద్దేశం. మా కాలేజీ జంతుశాలలో విస్టార్ రకం ఎలుకలున్నాయి, స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో వాటికి మధుమేహం కలిగించడం మాకు అలవాటే. ఈ పద్ధతి సరిపోతుందా? పిత్తాశయం నిండితే అది టీజీఆర్5 వల్లేనని రాయవచ్చా?

జవాబు – ఫార్మకాలజీ అధ్యాపకుడు, విజయవాడ

అమ్మా, నైతిక సంఘానికి దరఖాస్తు పెట్టే ముందే జంతువును మార్చుకోండి. ఎలుకకు (ర్యాట్) పిత్తాశయమే ఉండదు, దాని పైత్యరసం కాలేయం నుంచి నేరుగా చిన్నపేగులోకి పోతుంది. చిట్టెలుకకు (మౌస్) పిత్తాశయం ఉంటుంది.

స్ట్రెప్టోజోటోసిన్ కూడా ఇక్కడ పనికిరాదని నా అభిప్రాయం. ఐఎన్‌టీ-777 పేగులోని ఎల్ కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువును పెంచి జీఎల్‌పీ-1 హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది, ఆ జీఎల్‌పీ-1 ఇన్సులిన్‌ను రప్పించాలంటే క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలు బతికి ఉండాలి. పెద్ద మోతాదులో ఇచ్చిన స్ట్రెప్టోజోటోసిన్ ముందుగా చంపేది వాటినే. 2009లో ఈ పదార్థం గ్లూకోజ్‌ను తట్టుకునే శక్తిని మెరుగుపరుస్తుందని చూపినవారు కొవ్వు ఎక్కువగా ఉన్న మేతతో బరువెక్కిన చిట్టెలుకలను వాడారు.

ఇక మీ రెండో ప్రశ్న అసలైనది. పిత్తాశయం నిండినంత మాత్రాన అది టీజీఆర్5 వల్లేనని రాయకూడదు. పైత్యరసామ్లాలకే స్పందించే మరో గ్రాహకం, పేగులోని ఎఫ్‌ఎక్స్‌ఆర్, ఉత్తేజితమైనప్పుడు వెలువడే ఎఫ్‌జీఎఫ్‌15 హార్మోన్ కూడా పిత్తాశయ కండరాన్ని సడలించి దాన్ని నింపుతుంది. ఐఎన్‌టీ-777 ఎఫ్‌ఎక్స్‌ఆర్ మీద దాదాపు పనిచేయదన్న మాట నిజమే అయినా, టీజీఆర్5 జన్యువు లేని చిట్టెలుకలతో పోల్చి చూస్తేనే వాదన నిలుస్తుంది. అవి దొరకకపోతే పిత్తాశయపు ముక్కను ఆర్గాన్ బాత్‌లో (కణజాలాన్ని బతికించి ఉంచే ద్రవపు పాత్రలో) వేలాడదీసి, పేగు హార్మోన్ల ప్రమేయం లేకుండా సడలింపును కొలవండి. ఆ సడలింపులో కేఏటీపీ చానళ్ల (కణపొరలోని పొటాషియం ద్వారాల) పాత్ర ఉన్నట్టు 2010లో తేలింది కనుక, వాటిని మూసే గ్లిబెన్‌క్లమైడ్‌తో మీ ఫలితాన్ని పరీక్షించుకోవచ్చు.

జవాబు – జంతుశాల పర్యవేక్షకురాలు, గుంటూరు

సార్ చెప్పినదానికి మూడు విషయాలు కలుపుతాను. జీఎల్‌పీ-1 రక్తంలో నిమిషాల్లోనే విచ్ఛిన్నమవుతుంది కాబట్టి, రక్తం తీసే గొట్టంలో దాన్ని విచ్ఛిన్నం చేసే డీపీపీ-4 ఎంజైమ్ నిరోధకాన్ని ముందే వేసి ఉంచండి. మేత తిన్న వెంటనే కోలిసిస్టోకైనిన్ అనే పేగు హార్మోన్ వల్ల పిత్తాశయం ఖాళీ అవుతుంది, అందువల్ల అన్ని గుంపులకూ ఉపవాసం ఒకే వ్యవధి ఉండాలి.

మూడోది మన ఊరి ఎండకు సంబంధించినది. టీజీఆర్5 ఒంటికి వేడి పుట్టించే గోధుమ కొవ్వులో శక్తి ఖర్చును పెంచుతుందని 2006 నుంచీ తెలుసు, అయితే చిట్టెలుకకు సుమారు 30 డిగ్రీల వద్ద ఒంటిని వెచ్చబెట్టుకోవాల్సిన అవసరమే తగ్గిపోయి ఆ కొవ్వు మందగిస్తుంది. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగిందంటే, ఆ రోజు బరువులనూ ప్రాణవాయువు వినియోగాన్నీ మిగతా రోజులతో కలపడానికి వీల్లేదు. గది ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం పెట్టించుకోండి, వీలైతే ఆ భాగాన్ని డిసెంబరు, జనవరి నెలలకు మార్చుకోండి.