సైబీరియా డేటా లేకుండా పర్మాఫ్రాస్ట్ థీసిస్ రాయొచ్చా?

థీసిస్‌తో_కుస్తీ

అందరికీ నమస్కారం. పర్మాఫ్రాస్ట్, అంటే ఏళ్ళ తరబడి గడ్డకట్టి ఉండే నేల. దాని లోపలి ఉష్ణోగ్రతల్ని లెక్కగట్టే మోడల్ ఒకదాని మీద ఎమ్మెస్ థీసిస్ చేస్తున్నాను. మోడల్ ఇచ్చిన అంకెల్ని నేలలోకి తవ్విన బోర్లలో కొలిచిన అంకెలతో సరిచూడాలి. పర్మాఫ్రాస్ట్ కొలతల అంతర్జాతీయ డేటాబేస్ జీటీఎన్-పీ నుంచి కొన్ని సైట్లు దించుకున్నాను. అలాస్కా, కెనడా, నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవులు బాగానే ఉన్నాయి. సైబీరియా దగ్గరికి వచ్చేసరికి నేను ఎంచుకున్న వాటిలో చాలా వరకు 2021 తర్వాత ఖాళీయే.

రష్యా సైట్లు మొత్తం తీసేసి మిగతావాటితో కానిచ్చెయ్యమని మా ల్యాబ్‌లో సీనియర్ సలహా. గడ్డకట్టిన నేల ఎక్కడైనా గడ్డకట్టిన నేలే కదా అంటాడు. నాకు మనసొప్పట్లేదు. ఎందుకొప్పట్లేదో చెప్పమంటే మాత్రం నోరు పెగలట్లేదు.

ఇంకోటి కూడా అడిగేస్తాను. పర్మాఫ్రాస్ట్ పరిశోధన పేపర్ల మీద నలభై మంది పేర్లు, పదిహేను దేశాలు ఉంటాయి. అంతమంది నిజంగా కలిసి చేసే పని ఏమిటి? ఫీల్డుకి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

బురదబూట్లు

రెండోదానికి ముందు చెప్తాను, అది చెప్తే మొదటిది సగం తేలిపోతుంది.

ఆగస్టు చివర, అలాస్కా ఉత్తర కొసన టండ్రా. వంద మీటర్ల చదరం. పది మీటర్లకొక చిన్న జెండా చొప్పున అటు పదకొండు, ఇటు పదకొండు, మొత్తం 121. చేతిలో సెంటీమీటర్ల గీతలు పెట్టిన స్టీలు కడ్డీ. జెండా దగ్గర నిలబడి కడ్డీని నేలలోకి నొక్కుతూ పోవాలి. ఎక్కడ ఆగితే అక్కడికి ఆ వేసవిలో నేల కరిగినట్టు లెక్క. ఆ పై పొరనే యాక్టివ్ లేయర్ అంటాం. పక్కనే ఇంకోసారి గుచ్చి రెండూ రాసుకుని తర్వాతి జెండాకి నడవాలి. పనంతా ఇంతే. ఏ కాలేజీ కుర్రాడైనా చేస్తాడు.

చేస్తాడనే నేనూ అనుకున్నాను. మొదటిరోజు రాళ్ళ లోతుని మంచు లోతుగా రాసేశాను. మాతో వచ్చిన పెద్దాయన నా పుస్తకం చూసి, కడ్డీ తీసుకుని అదే చోట గుచ్చి "విను" అన్నాడు. రాయి తగిలితే ఖణేల్‌మంటుంది, మోచేయి దాకా జివ్వుమంటుంది. గడ్డకట్టిన మట్టి తగిలితే దబ్బుమని మొద్దుగా ఆగిపోతుంది. ఆ తేడా చేతికి పట్టుబడేదాకా నన్ను కదలనివ్వలేదు. ఆ సాయంత్రం పాతిక జెండాలు మళ్ళీ మొదటినుంచి గుచ్చాను.

ఇదే కొలత, ఇదే పద్ధతిలో, వేసవి ముగిసే ఇదే సమయంలో రష్యాలో, కెనడాలో ఇంకొకరు తీస్తుంటారు. కామ్ అనే ఈ కార్యక్రమం 1991లో మొదలైంది. మీరడిగిన నలభై పేర్ల వెనక ఉన్నది చాలావరకు ఇదే. అందరూ ఒకేలా కొలవడం.

బోర్లలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. ప్రపంచం నలుమూలల బోర్ల డేటా కలిపి 2019లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో పేపర్ వచ్చింది. 2007 నుంచి 2016 దాకా పర్మాఫ్రాస్ట్ సగటున 0.29 డిగ్రీలు వేడెక్కిందని తేల్చారు. పదేళ్ళ కథంతా ఆ 0.29లోనే ఉంది. సెన్సారు 0.1 తప్పు చూపించిందంటే మూడో వంతు కథ గోవిందా. అందుకే బోరులోకి దించేముందు, చితక్కొట్టిన ఐసులో డిస్టిల్డ్ వాటర్ పోసి సెన్సార్లన్నీ అందులో ముంచి, సున్నా చూపిస్తున్నాయో లేదో చూస్తాం. నేను ఐసు కొట్టి అక్కడి రష్యన్ మిత్రుడు కొట్టకపోతే రెండు అంకెల్నీ ఒక పటం మీద పెట్టడానికి లేదు.

దేశాలు స్నేహంగా ఉన్న రోజుల్లో జరిగిన ముచ్చట అనుకోకండి ఇదంతా. అసలు పర్మాఫ్రాస్ట్ అనే మాటే 1943లో, సైమన్ ముల్లర్ అనే రష్యాలో పుట్టిన అమెరికన్ భూగర్భ శాస్త్రవేత్త సైన్యం కోసం రష్యన్ పరిశోధనల్ని ఇంగ్లీషులో సంకలనం చేస్తూ పుట్టించినది. మొదటి అంతర్జాతీయ సదస్సు 1963లో అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీలో, రెండోది 1973లో సైబీరియాలోని యాకుత్స్క్‌లో. 1983లో అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్‌లో అమెరికా, సోవియట్ యూనియన్, కెనడా, చైనా కలిసి అంతర్జాతీయ పర్మాఫ్రాస్ట్ సంఘం పెట్టుకున్నాయి. కోల్డ్‌వార్ బాగా ముదిరి ఉన్న ఏడాది అది.

కక్ష్యచూపు

మేడమ్, కడ్డీ కథ బాగుంది. కానీ ఈ రోజుల్లో ఎవరి అనుమతీ లేకుండా సైబీరియా మీదుగా శాటిలైట్లు తిరుగుతున్నాయి కదా. యూరప్ స్పేస్ ఏజెన్సీ వాళ్ళ పర్మాఫ్రాస్ట్ పటాలు కిలోమీటర్ గ్రిడ్‌లో దొరుకుతాయి. నేల ఎంత కుంగిందో సెంటినెల్-1 రాడార్ చెప్తుంది. థీసిస్‌కి అది చాలదా?

బురదబూట్లు

మీ పటాలు నేనూ వాడతాను, వాటితో నాకు పేచీ లేదు. కాకపోతే శాటిలైట్ చూసేది నేల పైచర్మాన్ని. కింద పది మీటర్ల దగ్గర ఎంతుందో మోడలే ఊహించాలి. మధ్యలో మంచు దుప్పటి ఒకటి ఉంది. పైన గాలి మైనస్ ముప్పై ఉన్నా మందంగా మంచు పడిన చోట నేలకి ఆ చలి అంతగా అంటదు. గాలికి మంచు కొట్టుకుపోయిన దిబ్బ మీద బాగా అంటుతుంది. రెండింటికీ మధ్య నాలుగడుగులే ఉండొచ్చు, మీ కిలోమీటర్ గడిలో రెండూ ఒకటే. పైగా ఆ పటాలు సరిగా ఉన్నాయో లేదో చూసుకునేది కూడా ఈ బోర్లతోనే.

ఇక అసలు ప్రశ్న. సైబీరియా బదులు కెనడా చాలదు. కిందటి మంచుయుగంలో కెనడా చాలాభాగం మంచు పలకల కింద ఉంది. తూర్పు సైబీరియాలో ఎక్కువ భాగానికి ఆ మూత పడలేదు. అక్కడ వేల ఏళ్ళపాటు దుమ్ము, గడ్డి వేళ్ళు, మంచు కలిసి పదుల మీటర్ల మందాన పేరుకున్నాయి. దాన్నే యెడోమా అంటారు. చాలాచోట్ల ఘనపరిమాణంలో సగానికి పైగా మంచే. అది కరిగితే నేల కుంగి గుంటలు పడతాయి, వాటిలో నీళ్ళు నిలిచి చెరువులవుతాయి, మీథేన్ బుడగలొస్తాయి. అలాస్కాలో యెడోమా లేకపోలేదు, కానీ ఎక్కువ ఉన్నది సైబీరియాలోనే. ఉత్తరాది పర్మాఫ్రాస్ట్ ప్రాంతాల నేలల్లో సుమారు 1.5 లక్షల కోట్ల టన్నుల కార్బన్ ఉందని అంచనా, గాలిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. ఆ ప్రాంతంలో సగానికి పైగా ఒక్క రష్యాలోనే ఉంటే, దాన్ని వదిలేసి తీసిన సగటు దేని సగటో మీ సీనియర్‌నే చెప్పమనండి.

2024 జనవరిలో నేచర్ క్లైమేట్ చేంజ్‌లో ఒక పేపర్ సరిగ్గా ఈ సంగతే చూసింది. ఆర్కిటిక్ పరిశోధనా కేంద్రాల్లోంచి రష్యావి తీసేస్తే మిగిలినవి చూపించే చిత్రం మొత్తం ఆర్కిటిక్ అసలు పరిస్థితికి ఎంత దూరంగా జరుగుతుంది అని. కొన్ని విషయాల్లో ఆ తేడా, శతాబ్దం చివరికి వాతావరణ మార్పు తెస్తుందనుకుంటున్న తేడా అంత ఉంది. చదివి తీరాలి మీరు.

పునాది

నేను సివిల్ మనిషిని, ఒక మాట. చైనాలో 2006లో లాసా దాకా వెళ్ళిన చింగ్‌హై-టిబెట్ రైలుమార్గంలో దాదాపు 550 కిలోమీటర్లు పర్మాఫ్రాస్ట్ మీదే. కట్ట కింద పెద్ద కంకర పరిచి చలిగాలి ఆడనివ్వడం, నేలలోని వేడిని బయటికి లాగే గొట్టాలు పాతడం... ఇవేవీ ఒక్క దేశం సొత్తు కావు. రష్యా వాళ్ళవీ, ఉత్తర అమెరికా వాళ్ళవీ పాత అనుభవాలు చూసుకునే కట్టారు. పర్మాఫ్రాస్ట్ కాన్ఫరెన్సుల పాత సంపుటాలు తిరగెయ్యండి, సగం ఇంజనీర్ల గోలే ఉంటుంది.

థీసిస్‌తో_కుస్తీ

అక్కా, ఇప్పుడు వాడితో ఏం అనాలో తెలిసింది 🙂 కానీ డేటా ఎందుకు ఆగిందో ఇంకా అర్థం కాలేదు. కొలవడం ఆగిందా, పంచుకోవడం ఆగిందా?

బురదబూట్లు

రెండూ కొంత కొంత. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది, మార్చి 3న రష్యా కాక మిగతా ఏడు ఆర్కిటిక్ దేశాలు, ఎనిమిదింటి ఉమ్మడి వేదికైన ఆర్కిటిక్ కౌన్సిల్ పనులు ఆపాయి. జర్మనీ సంస్థలు రష్యా సంస్థలతో ఉమ్మడి పని ఆపేశాయి. సైబీరియాలో లేనా నది డెల్టాలో సమోయ్‌లోవ్ దీవి ఉంది, 1998 నుంచి జర్మన్లూ రష్యన్లూ కలిసి కొలుస్తున్న చోటు. దానికీ అదే గతి. రష్యా తన పర్యవేక్షణ తను చేసుకుంటూనే ఉంది. అది మన పటాల్లోకి సరిగా రావట్లేదు, అంతే.

కాగితాలకేం కొదవ లేదు. పరిశోధకులు, పరికరాలు, శాంపిళ్ళు సరిహద్దు దాటడం తేలిక చేస్తామని ఎనిమిది దేశాలూ 2017 మేలో ఫెయిర్‌బ్యాంక్స్‌లోనే సంతకాలు చేశాయి. అది అమల్లోకి వచ్చాక కూడా నేలలోంచి తీసిన మా గడ్డకట్టిన మట్టి కోర్ ఒకటి కస్టమ్స్‌లో ఇరుక్కుపోయింది. పెట్టె చేతికొచ్చేసరికి లోపల ఉన్నది బురద. కాబట్టి ఆ రోజులు స్వర్ణయుగం అని నేననను.

ఉష్ణోగ్రతల్ని తనంతట తనే రాసుకునే నా లాగర్ ఒకటి ఇప్పటికీ తూర్పు సైబీరియాలోని యాకూతియాలో ఒక బోరులో ఉంది. 2021 వేసవిలో బ్యాటరీ మార్చాం. ఈపాటికి ఆగిపోయి ఉంటుంది, కానీ ఆగేదాకా రాసిందంతా దాని మెమరీలో ఉంటుంది. ఎవరో ఒకరు వెళ్ళి కేబుల్ తగిలిస్తే చాలు. అక్కడి మిత్రుడు కొత్త సంవత్సరానికి ఫోన్ చేస్తాడు. పిల్లల చదువులు, ఎముకలు కొరికే చలి, అన్నీ మాట్లాడుకుంటాం. బోరు మాట ఆయన ఎత్తడు, నేనూ ఎత్తను. ఎత్తితే ఇద్దరిలో ఎవరికి ఇబ్బందవుతుందో తెలీదు.

మీ పనికి: 2021 దాకా ఉన్నదాన్ని పారెయ్యకండి. సైబీరియాతో ఒకసారి, లేకుండా ఒకసారి మోడల్ సరిచూడండి. రెండు ఫలితాల తేడానే ఒక అధ్యాయం అవుతుంది.

థీసిస్‌తో_కుస్తీ

అలాగే చేస్తున్నాను. యాకూతియా అన్నారు కదా, నా జాబితాలో ఒక సైట్ చివరి రీడింగ్ 2021 ఆగస్టు. మీదేనా?

బురదబూట్లు

అయ్యుండొచ్చు. ఆ నెలలో మేమక్కడే ఉన్నాం, మూత చుట్టూ టేపు చుట్టింది నేనే. గ్రాఫులో ఆ ఖాళీని ఖాళీగానే ఉంచండి. ముందూ వెనకా చూసి లైను గీసి కలపకండి.