మూడు తరాలుగా ఒకే ఇంటి కౌన్సిలర్లు: సేవా, సొంత ఆస్తా?

(ఇదొక చర్చ. మాట్లాడేవాళ్లు మారుపేర్లతో ఉన్నారు.)

గల్లీ నంబర్ 6: హైదరాబాద్ అంచున మున్సిపాలిటీల్లో చాలాచోట్ల ఇదే వరస. తాత మాలీ పటేల్ (ఊళ్లో శిస్తు వసూలు చేసే పెద్ద), తండ్రి సర్పంచ్, కొడుకు కౌన్సిలర్, ఇప్పుడు కోడలు. 1984లో ఎన్టీఆర్ పటేల్, పట్వారీ వ్యవస్థను రద్దు చేస్తే పదవి పోయింది గానీ జనం పనుల కోసం వచ్చి కూర్చునే వరండా పోలేదు. దీన్ని సేవ అనాలా?

పాత అల్వాల్: అనాలె. నల్లా సంగతే చూడుండ్రి. మెయిన్ వాల్వు మొత్తం తెరిస్తే పల్లం గల్లీలకు ధార, ఎత్తు మీది ఇండ్లకు చుక్క రాదు. పల్లం వాల్వు సగం మూసి, ఎత్తుకు ముందు వదలాలె. ఎన్ని చుట్లు తిప్పాలె, ఏ వాల్వు మట్టి కింద పూడింది, ఏ అపార్ట్‌మెంటు పైననే కనెక్షన్ గుంజుకుంది, ఇవన్నీ ఆ ఇంట్ల నోటిమీద ఉంటయ్. కొత్తగా గెలిచినాయనకు సమజయ్యేసరికి రెండు ఎండకాలాలు పోతయ్.

లెక్కల పంతులు: మీరు పొగిడిందే నా ఫిర్యాదు. చుట్ల లెక్క ఇంట్లో ఎందుకుండాలి? ఆఫీసు రిజిస్టర్‌లో ఉండాలి. ఆసరా పింఛనూ అంతే. డబ్బు ఆగిందంటే చాలాసార్లు వేలిముద్ర పడకపోవడమో, ఆధార్‌లో పేరు, పాస్‌బుక్‌లో పేరు వేరుగా ఉండటమో కారణం. సరిచేయించుకోవడానికి ముసలమ్మకు సిఫారసు అక్కర్లేదు, ఏ కాగితం ఎక్కడ తప్పిందో చెప్పే మనిషి చాలు. ఆ మాట దాచిపెట్టి, పని చేయించాక ఓటు అడగడం సేవ కాదు, వడ్డీ వ్యాపారం.

షాద్‌నగర్ బస్సు: పంచాయతీల సంగతి ఇంకా విచిత్రం. సగం సీట్లు మహిళలకు. సీటు రిజర్వ్ కాగానే భార్యో కోడలో నిలబడుతుంది. చెక్కు మీద ఒక్కరి పెత్తనం వద్దని 2018 పంచాయతీరాజ్ చట్టంలో సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరూ సంతకం పెట్టాలన్నారు. ఉపసర్పంచ్‌ను వార్డు సభ్యుల్లోంచే ఎన్నుకుంటారు. ఆ పదవి కూడా మరిది చేతికొస్తే? రెండు సంతకాలూ ఒకే వంటింట్లో అయిపోతాయి.

పాత అల్వాల్: అన్నా, కోడలు అనంగనే బొమ్మ అనుడేంది? ఫైలు చదివి ఏఈని (అసిస్టెంట్ ఇంజనీర్‌ని) నిలదీసేటోళ్లు గూడ ఉన్నరు.

షాద్‌నగర్ బస్సు: ఉన్నారు, కాదనను. మీటింగులో కుర్చీ ఎవరిదో చూడండి, తెలిసిపోతుంది.

బీ ఫారం: చిన్న ఊళ్లనే ఎందుకు అంటారు? 2021లో గ్రేటర్ హైదరాబాద్ మేయరైన గద్వాల విజయలక్ష్మి అప్పటి రాజ్యసభ ఎంపీ కె. కేశవరావు కూతురే. మేయర్‌ను ఓటర్లు నేరుగా ఎన్నుకోరు, కార్పొరేటర్లు, ఎమ్మెల్యేల్లాంటి ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా) సభ్యులు ఎన్నుకుంటారు. 2007లో 12 మున్సిపాలిటీలు గ్రేటర్‌లో కలిశాక, టికెట్ ఊరి పెద్దల చేతుల్లోంచి పార్టీ ఆఫీసుకు పోయింది. బీ ఫారం, అంటే ఫలానా మనిషే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే కాగితం, నామినేషన్ల ఉపసంహరణ రోజు మధ్యాహ్నం 3 గంటల దాకా ఇవ్వొచ్చు. ఆ గంట దాకా తట్టుకోవాలంటే ఇంట్లో ఇద్దరు నామినేషన్ వేసి ఉండాలి. ఒకటి పరిశీలనలో కొట్టేసినా రెండోది మిగులుతుంది. కొత్తవాడు ఒక్కటే వేస్తాడు, అదీ ఇంటిపన్ను బకాయి దగ్గరే తడబడతాడు.

లెక్కల పంతులు: ఇంకోటి వదిలేశారు. ఓడినా సరే, ఫలితం వచ్చిన 45 రోజుల్లో ఖర్చుల లెక్క ఇవ్వాలి. ఇవ్వకపోతే 3 ఏళ్లు పోటీకి పనికిరాకుండా పోతారు. ఓడిన కుర్రాళ్లు ఫ్లెక్సీ బిల్లులు పారేసి ఊరుకుంటారు. పాత ఇంట్లో లెక్కరాసే గుమాస్తా ఉంటాడు. వారసత్వమంటే ఇంటిపేరు కాదండీ, ఆ గుమాస్తా.

గల్లీ నంబర్ 6: 2023లో గ్రేటర్‌లో వార్డు ఆఫీసులు తెరిచారు కదా. వాల్వుల లెక్క అక్కడ రాయిస్తే సరిపోదా?

పాత అల్వాల్: రాసేటోడు వాల్వులు తిప్పే లైన్‌మనే. ఆయనకు ఫోన్ నంబర్ ఎవలిది యాదికున్నదో అడుగుండ్రి ముందుగాల.