చేప పేగులో దొరికిన ట్రెమటోడ్లు ముడుచుకుపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: నమస్కారమండి. విశాఖలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం ఫిషింగ్ హార్బర్‌లో కానాగంతలు కొని పేగులు చీల్చి చూస్తున్నాను. ట్రెమటోడ్లు (పరాన్నజీవులైన చదును పురుగులు) బాగానే దొరుకుతున్నాయి, కానీ భద్రపరచడానికి ఫార్మలిన్‌లో వేయగానే ఉండచుట్టుకుంటున్నాయి. రెండు స్లైడుల మధ్య నొక్కితే చిట్లుతున్నాయి. కడగడానికి సముద్రపు నీళ్లే వాడుతున్నాను.

జవాబు: ముందు ఆ సముద్రపు నీళ్లు మానేయండి. చేప ఉండేది సముద్రంలోనే అయినా, దాని పేగులోని ద్రవం అంత ఉప్పగా ఉండదు. అందుకే ఆ నీళ్లలో పురుగు ముడతలు పడుతుంది. కుళాయి నీళ్లలో వేస్తే ఉబ్బుతుంది. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 8.5 గ్రాముల సోడియం క్లోరైడ్ కలిపి సెలైన్ చేసుకోండి.

చీల్చిన పేగును సెలైన్ జాడీలో వేసి గట్టిగా కుదపండి. కాసేపాగితే పురుగులు అడుగుకు చేరతాయి. పైనున్న మురికి వంచేసి మళ్లీ సెలైన్ పోయండి, తేటపడేదాకా ఇదే పని.

అసలు కిటుకు వేడిలో ఉంది. బతికున్న పురుగుల్ని కొద్దిపాటి సెలైన్‌లో ఉంచి, మరగబోతున్న సెలైన్‌ను ఒక్కసారిగా పోయండి. చుట్టుకునే వ్యవధి లేకుండా చాచుకునే చనిపోతాయి. తర్వాత 80% ఇథనాల్‌లోకి మార్చండి, రేపు డీఎన్ఏ పనికీ ఉపయోగపడతాయి. ఫార్మలిన్‌లో ఉంచితే ఆ అవకాశం దాదాపు పోయినట్టే. ఐస్‌లో చాలాసేపు ఉన్న చేప కొనకండి. అందులో పురుగులు అప్పటికే చచ్చి మెత్తబడి ఉంటాయి, వేడి సెలైన్ వాటిని బాగుచేయదు.

నొక్కడం మాత్రం దయచేసి వద్దు. శరీరం వెడల్పు, చూషకాల (పురుగు అతుక్కునే అవయవాల) కొలతలు మారిపోతాయి, జాతిని గుర్తించేది వాటితోనే కదా. పాత వ్యాసాల్లో చాలా కొలతలు నొక్కిన నమూనాలవే, పోల్చేటప్పుడు గమనించండి. వాల్తేరు తీరపు చేపల ట్రెమటోడ్ల మీద 1970లలో ఆర్. మాధవి రాసిన వ్యాసాలు తప్పక చదవండి. మీరు పనిచేస్తున్న తీరం అదే.

మరొకరు: మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ చేపలు తినొచ్చా?

జవాబు: పేగులు తీసేసి, బాగా ఉడికించి నిశ్చింతగా తినండి.

ప్రశ్న: చాలా థాంక్స్ మేడమ్. ఇంకొక్కటి. జీర్ణాశయంలో దొరికిన వాటిలో కొన్నింటికి తోకలాంటిది ఉంది, కొన్నింటికి లేదు. రెండు జాతులనుకోవాలా?

జవాబు: తొందరపడొద్దు. అవి హెమియూరిడే కుటుంబానివి కావచ్చు. వాటిలో చాలా జాతులకు ఎక్‌సోమా అనే వెనక భాగం ఉంటుంది, అది శరీరం లోపలికి ముడుచుకుంటుంది. తోకను పక్కనపెట్టి, రెండు చూషకాల నిష్పత్తి, వృషణాల అమరిక, పీతక గ్రంథుల (గుడ్లకు సొన పదార్థం ఇచ్చే గ్రంథుల) ఆకారం పోల్చండి. లోపలికి పోయిన ఎక్‌సోమా రంగు వేశాక వెనక కొసన కనిపిస్తుంది, అక్కడ వెతకండి.